నాగయ్యగారు కెమెరా వెనక్కి వెళ్ళినప్పుడు

(చిత్తూరులో సినీనటుడు చిత్తూరు నాగయ్యగారి జయంతికి జరిగిన సాయంకాల సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరికి లాక్కుంటాను. మైకు సంగతి మళ్ళీ వస్తుంది లెండి, నాగయ్యగారి కథలో దానికీ ఒక పాత్ర ఉంది.

చిత్తూరులో నిలబడి నాగయ్యగారి గురించి మాట్లాడాలంటే కొంచెం టెన్షనే. ఎందుకంటే ఇక్కడ ప్రతి పెద్దాయన దగ్గరా ఒక నాగయ్య కథ ఉంటుంది. అవి ఎన్ని విన్నా రెండు రకాలే. ఒకటి, అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశాడని. రెండోది, ఆఖర్లో చేతిలో ఏమీ మిగల్లేదని. నిజమా కాదా సామీ? మీరూ ఆ కథలే అనుకుంటూ వచ్చుంటారు. ఆ రెండూ ఈరోజు నేను చెప్పను. అబద్ధాలని కాదు. ఏళ్ళ తరబడి ఆ రెండు కథలే చెప్పుకుని, ఆ మనిషి చేసిన పనిని పక్కన పెట్టేశాం. దానకర్ణుడు, పాపం పేదవాడైపోయాడు, అంతే, కథ కంచికి. మరి ఆయన పని ఏమిటి? నటించాడు, పాడాడు, బాణీలు కట్టాడు. దర్శకత్వం చేశాడు. ఈ చివరిది ఎంతమందికి గుర్తుంది?

మూడు సినిమాలు. 1946లో త్యాగయ్య, 1953లో నా ఇల్లు, 1964లో భక్త రామదాసు. ఈరోజు ఈ మూడింటి గురించే మాట్లాడతాను. దారిలో కాస్త అటూ ఇటూ పోతాను, క్షమించాలి, అది నా అలవాటు.

మా అవ్వ సంగతి ఒకటి చెప్పి అసలు విషయానికి వస్తాను. మా అవ్వకి పోతన, వేమన, త్యాగయ్య ముగ్గురిదీ ఒకటే మొహం. ఒకసారి క్యాలెండరులో త్యాగరాజస్వామి బొమ్మ వచ్చింది. అవ్వ దాన్ని చాలాసేపు చూసి, "ఈయనెవరు? నాగయ్య మాదిరి లేడే" అనింది. నవ్వుతున్నారు గానీ, మనమూ చేసేది అదే. పోతన, వేమన, త్యాగయ్య అని మూడూ ఒక్క ఊపిరిలో అంటాం, మూడూ నాగయ్యవే అంటాం. నటుడిగా మూడూ ఆయనవే. కానీ పోతన, వేమన కె.వి.రెడ్డిగారి దర్శకత్వంలో వచ్చినవి. ఆ రెండింటి మధ్యలో వచ్చిన త్యాగయ్య ఒక్కటే నాగయ్యగారు తీసింది. ఆ తేడా పట్టుకుంటే ఆయన దర్శకత్వం ఏమిటో కొంచెం అందుతుంది.

ముందు ఆయన ఇక్కడిదాకా ఎట్లా వచ్చారో చూద్దాం. ఇంటిపేరు ఉప్పలదడియం. పుట్టింది 1904 మార్చి 28, గుంటూరు వైపు రేపల్లెలో. అంటే మన ఊరి పేరు పెట్టుకున్న మనిషి మన ఊళ్ళో పుట్టలేదు! చిన్నతనంలోనే కుటుంబం కుప్పం వైపు వచ్చింది. కుప్పం అంటే మీకు చెప్పక్కర్లేదు. అటు రెండు అడుగులేస్తే కన్నడం, ఇటు రెండు అడుగులేస్తే తమిళం. ఈ గాలిలో పెరిగినవాడికి మద్రాసు వెళ్ళాక తమిళ సినిమాలు చెయ్యడం కష్టం కాలేదంటే ఆశ్చర్యమేముంది? కొన్నాళ్ళు గుమాస్తా ఉద్యోగం, కొన్నాళ్ళు పత్రికలో పని, ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఉద్యమం. ఇవన్నీ గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇవి పుస్తకాల్లో దొరుకుతాయి.

నేను ఆగాల్సిన చోటు చిత్తూరు రామవిలాస సభ. ఇక్కడ ఆ సభ నాటకాల్లో నాగయ్యగారు వేషం కట్టారు. ఏ వేషం? సారంగధర నాటకంలో చిత్రాంగి! గడ్డం పెంచుకుని తంబూరా పట్టుకున్న నాగయ్యే మనకు తెలుసు. చీర కట్టి, నగలు పెట్టి, సవతి కొడుకు మీద మోజుపడి, కాదన్నాడని కక్ష కట్టిన రాణిగా ఆయన్ని ఊహించుకోండి ఒక్కసారి. ఆ వేషంతోనే ఈ ఊరి పేరు ఆయనకి అతుక్కుందని మన పెద్దలు చెబుతారు.

ఆ రోజుల్లో నాటకమంటే ఏమిటి? మైకు లేదు. ఆఖరి వరుసలో నేల మీద కూర్చున్నవాడికి పద్యం వినిపించాలి. గొంతు చించుకోవాలి. రాగం తియ్యాలి, తీసి తీసి నిలబెట్టాలి, అప్పుడు "వన్స్ మోర్" పడుతుంది. వన్స్ మోర్ పడిందంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి మళ్ళీ పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయేది. ఇది నేను హాస్యానికి చెప్పడం లేదు, పెద్దలు ఉన్నారు ఇక్కడ, చూసే ఉంటారు. ఆ స్టేజి మీద తయారైన నటులు టాకీల్లోకి వెళ్ళి అదే పాట పాడారు, అదే గొంతుతో. మైకు మూరెడు దూరంలో ఉన్నా ఆఖరి వరుసకే పాడారు!

నాగయ్యగారు ఆ తప్పు చెయ్యలేదు. 1938లో గృహలక్ష్మి. హెచ్.ఎం.రెడ్డిగారి దర్శకత్వం, కన్నాంబగారు నాయిక. నాగయ్యగారికి అదే మొదటి సినిమా, అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. అప్పటి పాతికేళ్ళ కుర్రవాళ్ళతో పోలిస్తే ఆలస్యంగా వచ్చినట్టే. కానీ వచ్చీరాగానే మైకును పట్టుకున్నారు. మైకు అంటే చెవి. ఎదురుగా ఒక చెవి ఉంది, దానికి చెబితే చాలు, అరవక్కర్లేదు. ఈ మాట నేను ఆయన పాత పాటలు మళ్ళీ మళ్ళీ విని అంటున్నాను. వినండి మీరు కూడా. మాట ఎక్కడ ఆగింది, పాట ఎక్కడ మొదలైంది అనేది పట్టుకోలేరు. మాట్లాడుతూ మాట్లాడుతూ పాటలోకి జారిపోతారు.

తర్వాత వాహినీ సినిమా కంపెనీ. ఇక్కడ మన రాయలసీమ వాళ్ళం ఒకసారి మీసం తిప్పుకోవచ్చు. బి.ఎన్.రెడ్డిగారిది కడప జిల్లా, పులివెందుల ప్రాంతం. కె.వి.రెడ్డిగారిది తాడిపత్రి వైపు. చిత్తూరు నుంచి నాగయ్య. కడప, అనంతపురం, చిత్తూరు, ముగ్గురూ మద్రాసులో కలిశారు. 1939లో వందేమాతరం, బి.ఎన్. గారికి దర్శకుడిగా మొదటి సినిమా. హీరో నాగయ్య, నాయిక కాంచనమాల, సంగీతం కూడా నాగయ్యే. మరుసటి ఏడు సుమంగళి, అందులో ముసలి సంస్కర్త వేషం. ఆ పాత్ర చూస్తే కందుకూరి వీరేశలింగంగారు గుర్తొస్తారు. హీరోగా పేరు వచ్చిన మరుసటి ఏడే జుట్టు నెరిపించుకుని ముసలివాడైపోయాడండీ! ఈరోజుల్లో ఏ హీరో ఒప్పుకుంటాడు? 1941లో దేవత. తర్వాత కె.వి. గారి మొదటి సినిమా, భక్త పోతన.

ఇట్లా సినిమాల పేర్లు చదువుకుంటూ పోతే జాబితా అవుతుంది, మీరు ఫోన్లు చూసుకోవడం మొదలుపెడతారు. అందుకని రెండు సినిమాల దగ్గర ఆగుతాను. రెండూ తమిళ సినిమాలే, మన తెలుగువాళ్ళు పెద్దగా పట్టించుకోనివి.

మొదటిది 1941లో వచ్చిన అశోక్ కుమార్. హీరో ఎం.కె.త్యాగరాజ భాగవతార్, అప్పటి తమిళ దేశానికి దేవుడు. అందులో నాగయ్యగారు అశోక చక్రవర్తి, కన్నాంబగారు తిష్యరక్షిత. కథేమిటి? అశోకుడి కొడుకు కుణాలుడి మీద సవతి తల్లి తిష్యరక్షిత మోజుపడుతుంది. కొడుకు ఒప్పుకోడు. ఆమె చాడీలు చెబుతుంది. తండ్రి నమ్ముతాడు. కొడుకు కళ్ళు పోతాయి. ఈ కథ ఎక్కడో విన్నట్టు లేదూ? సారంగధరే! అదే కథ, పేర్లు మారాయి. చిత్తూరులో మోజుపడిన రాణిగా నిలబడ్డవాడు, మద్రాసులో ఆ రాణి మాట నమ్మి కొడుకును పోగొట్టుకున్న రాజుగా నిలబడ్డాడు. ఒకే కథని రెండు వైపుల నుంచి చూసొచ్చాడు. ఇది ఎంతమంది నటులకి దొరుకుతుంది చెప్పండి?

రెండోది 1945లో మీరా. ఎల్లిస్ ఆర్. డంగన్ అనే అమెరికా ఆయన దర్శకుడు. ఎం.ఎస్.సుబ్బులక్ష్మిగారు మీరా. నాగయ్యగారు రాణా, అంటే మీరా భర్త. అప్పటికి భక్త పోతనగా ఊరూరా పేరు. అట్లాంటి పాడే భక్తుణ్ణి తీసుకెళ్ళి, పాడే భార్య పక్కన నిలబెట్టారు. పాటంతా ఆమెది. దేవుడూ ఆమెకే. ఈయనకి మిగిలిందేమిటి? ఇంట్లో దేవుడికి తప్ప తనకు చోటు లేని మొగుడి అవస్థ. భక్తురాలి పక్కన ఉండే మామూలు మనిషి కష్టం. ఆ వేషం వేసిన మరుసటి ఏడాది ఆయన ఏం చేశాడు? త్యాగయ్య తీశాడు.

ఇక్కడికి రావాలనే ఇంతసేపు తిప్పాను. నాగయ్య దర్శకుడు ఎట్లా అయ్యాడంటే, కథలో ఎదుటివాడి చోట నిలబడి నిలబడి అయ్యాడు. అది నా లెక్క. మీరు కాదనొచ్చు, సభ అయ్యాక కాఫీ దగ్గర పోట్లాడుకుందాం.

త్యాగయ్య

త్యాగరాజస్వామి కథ మనందరికీ తెలుసు. తిరువయ్యారు, కావేరి ఒడ్డు, ఉంఛవృత్తి, అంటే పాడుకుంటూ ఇంటింటా భిక్ష. తంజావూరు శరభోజి రాజు పిలుపు, స్వామి కాదనడం, "నిధి చాల సుఖమా" అన్న కల్యాణి కీర్తన. కోపంతో అన్నగారు రాములవారి విగ్రహాలు కావేరిలో పారేయడం. ఇందులో చరిత్ర ఎంత, కట్టుకథ ఎంత అనేది పండితులు తేల్చుకోవాలి. సినిమావాడికి కావలసింది అందులో ఉన్న ఇల్లు. ఆలోచించండి, అన్నగారు ఎందుకు కోప్పడ్డాడు? రాజు ధనం ఇస్తానంటే తమ్ముడు వద్దంటాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా! అన్నని ఉత్త దుర్మార్గుడిగా నిలబెడితే భక్తుడికి గొప్పేముంది? రాణా వేషం వేసొచ్చిన మనిషికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

నిర్మాణం తనదే, రేణుకా ఫిలిమ్స్ అని. దర్శకత్వం తనదే. ముఖ్యపాత్ర, సంగీతం, గొంతు తనవే. ఇన్ని పనులు ఒకడే నెత్తిన పెట్టుకోవడం మంచిదా? మామూలుగా మంచిది కాదు, నేనూ ఒప్పుకుంటాను. ఎదురు చెప్పేవాడు ఉండడు. కానీ ఈ సినిమాకి అది పనికొచ్చింది. ఎందుకో చెబుతాను.

కె.వి.రెడ్డిగారు కథ చెప్పడంలో మొనగాడు. వేమన చూడండి. విలాసాల్లో తేలే వేమన, మోహనాంగి ఇల్లు, బంగారం చేసే పిచ్చి, ఆ పక్కన అభిరాముడు, అన్నకూతురు జ్యోతి మరణం, అక్కణ్ణుంచి యోగి. మలుపు మీద మలుపు. తర్వాత ఏమవుతుందో అని కుర్చీ అంచున కూర్చుంటాం. నాగయ్యగారి త్యాగయ్యలో తర్వాత ఏమవుతుందో అనే ఆత్రం లేదు. ఒక కీర్తన నుంచి ఇంకో కీర్తనకి నడుస్తుంది కథ. ఒక కష్టం, దానికి ఒక కీర్తన. అవమానం, దానికి ఇంకొకటి. కీర్తన సంభాషణ పని చేస్తుంది. పాట వచ్చింది, బయటికెళ్ళి బీడీ కాల్చుకొద్దాం అంటే కుదరదు, వచ్చేసరికి కథ ముందుకెళ్ళిపోయి ఉంటుంది! ఇట్లా తియ్యాలంటే ఏ కీర్తన ఎక్కడ ఎత్తుకోవాలి, ఎంతసేపు నిలపాలి, ఎప్పుడు వదిలెయ్యాలి అనేది పాడేవాడికే తెలియాలి. పాడేవాడూ, బాణీ చూసేవాడూ, "కట్" చెప్పేవాడూ ముగ్గురు వేరే వేరే అయితే ఒకడి తొందర ఇంకొకడికి అడ్డం వస్తుంది. ఇక్కడ ముగ్గురూ ఒకడే.

ఇంకో సంగతి. అప్పుడే యుద్ధం ముగిసింది. యుద్ధంలో ముడిఫిల్ముకి కరువు. 11,000 అడుగులకి మించి సినిమా ఉండకూడదని సర్కారు ఆంక్ష పెట్టింది. అంటే రెండు గంటల పైన రెండు నిమిషాలు, అంతే. మన వాళ్ళకి రెండు గంటల్లో సినిమా అంటే భోజనానికి పిలిచి మజ్జిగ పోసి పంపినట్టు. ఆ కాలంలో త్యాగయ్య తీసుంటే కీర్తనలన్నీ పల్లవితో తెగిపోయేవి. ఆయన అప్పటిదాకా ఆగాడో, అట్లా కలిసొచ్చిందో. సరిగ్గా తీరిగ్గా పాడుకునే వీలు వచ్చినప్పుడు సినిమా వచ్చింది.

మరి ఎవరు చూశారు? మనవాళ్ళూ చూశారు, తమిళులూ చూశారు. కీర్తనలన్నీ తెలుగు, ఊరు తిరువయ్యారు, పాడుకునేది తమిళ దేశం. త్యాగరాజస్వామి సిద్ధి పొందింది 1847 జనవరి. సినిమా వచ్చింది 1946లో. అంటే నూరేళ్ళు నిండబోతున్న వేళ. బెంగుళూరు నాగరత్నమ్మగారు తిరువయ్యారులో సమాధికి గుడి కట్టించి, ఆరాధనకి ఒక రూపం తెచ్చి అప్పటికి రెండు దశాబ్దాలు. నేల సిద్ధంగా ఉంది. సంగీత సభల్లో టికెట్టు కొనుక్కుని వినలేనివాడు నేల క్లాసులో కూర్చుని కీర్తన విన్నాడు. పత్రికలవాళ్ళు ఆయన్ని మన దేశపు పాల్ ముని అన్నారు. జీవితచరిత్ర పాత్రలకి పేరుపడ్డ హాలీవుడ్ నటుడాయన. పొగడ్త మంచిదే. కానీ చూడండి, అది కూడా నటుడికి పడ్డ పొగడ్తే. దర్శకుడిని ఎవరూ పిలవలేదు.

నటుడు దర్శకుడైతే మొదటివాడు నాగయ్యే అని ఎవరో పొద్దున నాతో అన్నారు. అభిమానం మంచిదే గానీ, లెక్క సరిగా ఉండాలి. ఆయన కంటే ముందు వై.వి.రావుగారున్నారు, నటుడూ దర్శకుడూ. విశ్వమోహినిలో నాగయ్యగారు ఆయన దర్శకత్వంలోనే నటించారు. 1946లోనే ఎల్.వి.ప్రసాద్‌గారి గృహప్రవేశం వచ్చింది. తెలుగు తొలి టాకీ భక్త ప్రహ్లాదలో వేషం వేసిన మనిషి ఆయన. తర్వాత భానుమతిగారు చండీరాణి, ఎన్.టి.రామారావుగారు సీతారామ కళ్యాణం, ఎస్.వి.రంగారావుగారు చదరంగం, సావిత్రిగారు చిన్నారి పాపలు. పెద్ద వరుసే ఉంది. నాగయ్యగారు ఈ వరుసలో మొదట కాదు. అయినా ఈ వరుసలో ఎవరి పోలికా ఆయనకి లేదు. ప్రసాద్‌గారు దర్శకుడయ్యాక వేషాలు దాదాపు వదిలేశారు. రామారావుగారు సీతారామ కళ్యాణానికి దర్శకుడిగా పేరు కూడా వేసుకోలేదు, రావణుడిగా విజృంభించారు. నాగయ్యగారు మాత్రం రెండు పడవల మీదా కాళ్ళు పెట్టి నిదానంగా నడిచారు.

సరే, నా ఇల్లు. 1953.

ఈ సినిమా గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే త్యాగయ్య ముందు దాన్ని నిలబెట్టి చూడడం న్యాయం కాదు. సాంఘిక చిత్రం. తమిళంలో ఎన్ వీడు. టి.ఆర్.రాజకుమారిగారు నాయిక. "అదిగదిగో గగనసీమ" అన్న పాట ఉంది, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారిది. ఒకే సెట్టు, ఒకే లైటింగు. తెలుగులో ఒక షాటు, అదే మళ్ళీ తమిళంలో ఒక షాటు. దర్శకుడూ నటుడూ ఒకడే అయితే రోజంతా ఇదే పని. తెలుగులో ఏడ్చి, కట్ చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని, తమిళంలో మళ్ళీ ఏడవాలి! అదే ఏడు భానుమతిగారు చండీరాణిని తెలుగు, తమిళం, హిందీ మూడింట్లోనూ తీశారు. ఆవిడ ఓపికకి ఇంకో దండం. కుప్పం గాలి పీల్చినవాడికి రెండు భాషల్లో తియ్యడం సహజం. కానీ ఆ 1953 ఏమిటో గుర్తుందా? అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మద్రాసు ఎవరిది, చిత్తూరు ఎటు, తిరుత్తణి ఎటు అని గొడవలు. 1960లో తిరుత్తణి అటు పోయింది. మనుషులు ఊళ్ళు పంచుకుంటున్న ఆ కాలంలో ఈయన "నా ఇల్లు" అని రెండు భాషల్లో సినిమా తీశాడు. ఆయన ఉద్దేశం అది కాకపోవచ్చు. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు మాత్రం అదే తడుతుంది.

ఈ మధ్యలో నటుడిగా ఆయన మెట్లు దిగుతున్నాడు. దిగడం అంటే వయసు ప్రకారం. బీదల పాట్లలో, 1950లో, ఇంకా కథంతా ఆయన భుజాల మీదే ఉంది. 1957 పాండురంగ మహాత్యం నాటికి రామారావుగారికి తండ్రి. 1958 తమిళ సంపూర్ణ రామాయణంలో దశరథుడు. తండ్రి వేషమంటే కొడుకు కోసం ఏడవడమే కదా, నాగయ్యగారి దగ్గర ఆ సరుక్కి కొదవలేదు. ఇప్పటి పిల్లలకి ఆయన తెలిసింది కూడా ఇట్లాగే, టీవీలో, మంచం మీద దగ్గుతున్న తండ్రిగా.

అప్పుడు రామదాసు.

అయ్యా, మీరేదో అంటున్నారు? ఆ... "రామదాసు తీసే ఆయన ఆరిపోయాడు" అంటున్నారు. నేను ఆ కథ చెప్పను అన్నాను గానీ, మీరు వదిలేలా లేరు. సరే. ఆ సినిమా ఏళ్ళ తరబడి సాగింది, డబ్బు తినేసింది, నిజమే. కానీ "అందుకే మునిగిపోయాడు, పాపం" అని మనం అక్కడ ఆపేస్తాం చూడండి, దాంతోనే నా పేచీ. ఆ సినిమాలో ఏముందో చూడం. ఖర్చు లెక్క చూస్తాం.

గోపన్న కథ తీసుకోండి. పాల్వంచ తహసీలుదారు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టాడు. తానీషా గోల్కొండ చెరలో పెట్టించాడు. ఇప్పుడు నాగయ్యగారి భక్తుల్ని వరుసలో నిలబెట్టండి. పోతన రాజు సొమ్ము ముట్టుకోలేదు. త్యాగయ్య రాజు సొమ్ము వద్దన్నాడు. గోపన్న? సొమ్ము ముట్టుకున్నాడు. లెక్క చెప్పలేకపోయాడు. దెబ్బలు తిన్నాడు. పైగా మిగతా ఇద్దరిలా ఓర్చుకుని ఊరుకోలేదు, రాముణ్ణే నిలదీశాడు. నీకు చేయించిన నగలకి ఎంత ఖర్చయిందో తెలుసా అని దేవుడికే బిల్లు చదివి వినిపించిన వాగ్గేయకారుడు ఇంకెవరున్నారు? సొంత డబ్బు పెట్టి సినిమాలు తీసే మనిషికి, అప్పులవాళ్ళు గుమ్మంలో ఉండే మనిషికి, ఈ పాత్ర మీద మనసుపోవడంలో వింతేముంది? 1964లో సినిమా విడుదలయ్యేసరికి నాగయ్యగారికి అరవై ఏళ్ళు. వయసు తెలుస్తుంది తెర మీద, దాపరికమెందుకు. నడిపించడం కూడా పాతకాలపు నిదానం. త్యాగయ్యలో అందమైన ఆ నిదానం రామదాసులో కొన్నిచోట్ల బరువైంది. అప్పటికి ప్రేక్షకులు మారిపోయారు, వేగం మారిపోయింది. నేను అభిమానినే, అయినా చూసింది చెప్పాలి.

కానీ ఒక్క పని చూడండి. అందులో కబీరు పాత్ర ఉంది, గుమ్మడిగారు వేశారు. కబీరుకి పాట ఎవరు పాడారు? మహమ్మద్ రఫీ! పిలిపించింది నాగయ్య. తానే గాయకుడు, తానే పాడేసుకోవచ్చు. మద్రాసులో తెలుగు గాయకులకి కొదవా? లేదు. కానీ కబీరు ఉత్తరాది నుంచి నడిచొచ్చిన ఫకీరు. ఆ గొంతు తెరిచీ తెరవగానే వేరే నేల నుంచి వచ్చినట్టు వినిపించాలి. దానికి రఫీ కావాలి. జేబులో డబ్బు ఉందా లేదా అనేది తర్వాత. ఇది దర్శకుడి నిర్ణయం. నిర్మాత నాగయ్యని అడిగితే వద్దనేవాడేమో. దర్శకుడు నాగయ్య వినలేదు. మొదట్లో మైకు గురించి చెప్పానే, ఎదురుగా ఒక చెవి ఉందని పట్టుకున్న మనిషి అని. ఇరవై ఆరేళ్ళ తర్వాత కూడా ఆయన సినిమాని ముందు చెవితోనే తీశాడు.

1965లో పద్మశ్రీ వచ్చింది. 1973 డిసెంబరు 30న పోయారు. మద్రాసు పానగల్ పార్కులో విగ్రహం ఉంది. మన ఊళ్ళో కళాక్షేత్రం ఉంది ఆయన పేరున. పేరుకి లోటు లేదు.

నేను అడిగేది వేరే. ఆ కళాక్షేత్రంలో ఏడాదిలో ఎన్నో కార్యక్రమాలు జరుగుతాయి, డ్యాన్సులు, సన్మానాలు, స్కూలు వార్షికోత్సవాలు. జరగనీయండి. జయంతి రోజు దండ వేసి, నాలాంటివాడి చేత గంట మాట్లాడించి, పొంగలి పెట్టి పంపిస్తున్నారు. పొంగలి బాగుంది, ఫిర్యాదు లేదు. వచ్చే ఏడాది నాకు బదులు ఒక ప్రొజెక్టరు పెట్టండి. పొద్దున త్యాగయ్య, మధ్యాహ్నం నా ఇల్లు, సాయంత్రం రామదాసు. మంచి ప్రింట్లు దొరకడం కష్టమే, ఎక్కడెక్కడో వెతకాలి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో పాత సినిమాలు పోగుచేసేవాళ్ళు ఒకరిద్దరున్నారని నాకు తెలుసు, తల దించుకోకండి, చూస్తున్నాను. మూడూ ఒకేరోజు వరుసగా చూస్తే నేను చెప్పిన దాంట్లో సగం తప్పని మీకు అనిపించొచ్చు. అనిపించనీయండి. అప్పుడు మీరు మాట్లాడండి, నేను కింద కూర్చుని వింటాను.

ఇప్పుడు ప్రశ్నలు ఏమైనా ఉంటే... ఆ మూల అమ్మాయి చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉంది. అమ్మా, నువ్వు అడుగు ముందు. ఆమెకి మైకు ఇవ్వండి.